యాంగ్: గొర్రెనా, మేకా?

2015లో అమెరికా తపాలా శాఖ చాంద్రమాన సంవత్సరాది బిళ్లను 'పొట్టేలు సంవత్సరం' పేరుతో విడుదల చేసింది. అక్కడి పత్రికలు అదే ఏడాదిని ఒకచోట గొర్రె అనీ, మరోచోట మేక అనీ రాశాయి. తప్పెవరిదీ కాదు. చైనీయుల 'యాంగ్'లో రెండూ ఇమిడిపోతాయి. ముందు 'కొండ' చేరిస్తే మేక, 'మెత్తని' అనే అర్థమున్న అక్షరం చేరిస్తే గొర్రె. సంవత్సరం పేరులో ఆ చేర్పు ఉండదు. ఏదో ఒకటి తేల్చమన్నది ఇంగ్లిషే.

ఏ జంతువైతేనేం, లెక్క మారదు కదా అనవచ్చు. ఏటికో జంతువు పేరుతో తిరిగే పన్నెండేళ్ల చక్రం వరకు అది నిజమే. కానీ పుట్టిన ఏటి జంతువును బట్టి మనిషి స్వభావం చెప్పడం జానపద ఆచారం; అక్కడ పేరే ప్రాణం. అమెరికాలోని వియత్నామీయులకు యాంగ్ ఏడు కచ్చితంగా మేకదే. 2023లో తపాలా బిళ్ల మీద కుందేలు వస్తే, కాలిఫోర్నియాలో వాళ్లు పిల్లి సంవత్సరం జరుపుకున్నారు. 'చైనా రాశిచక్రం' అన్న ఒక్క పేరు వీళ్లందరికీ చాలదు. పైగా రాశి మనకు నెలల లెక్క, ఇది ఏళ్లది.