చేబదులూ చట్టమూ

ఈ వారం చట్టాల చరిత్రలోంచి మన ఇళ్ళకు దగ్గరి సంగతి ఒకటి చెప్పుకుందాం.

ఆక్లండ్‌లో అబ్బాయి ఇంటి అప్పు మోయలేకపోతుంటే, గుంటూరులో తండ్రి పొలం అమ్మి డబ్బు పంపిస్తాడు. బ్యాంకు బాకీ తీరుతుంది. "మనలో మనకి కాగితాలేమిటి?" అని ఏమీ రాసుకోరు. కొన్నేళ్ళకు అబ్బాయీ కోడలూ విడిపోతే, ఆ డబ్బు అప్పా, కానుకా అనే తగవు కోర్టుకెక్కుతుంది.

న్యూజీలాండ్‌లో 1976 నాటి చట్టం ప్రకారం, పెళ్ళయి మూడేళ్ళు దాటితే, దంపతుల ఆస్తిలోంచి ఉమ్మడి అప్పులు తీసేసి మిగిలింది సాధారణంగా చెరిసగం పంచుతారు. అందుకే ఒకరు అప్పంటారు, ఇంకొకరు కానుకంటారు. పైగా తండ్రి బిడ్డకిచ్చింది కానుకేననుకోవడం ఇంగ్లండు నుంచి వచ్చిన పాత న్యాయసూత్రం. కాదనేవారే రుజువు చూపాలి.

ఇక్కడి కుటుంబాలకు కాగితం అలవాటు చేసింది ఒక పన్ను. ఏడాదికి 27,000 డాలర్లు దాటిన కానుకలపై పన్ను ఉండేది. అందుకని చాలామంది ఇంటిని కుటుంబ ట్రస్టుకు అప్పు మీద అమ్మి, ఏటా 27,000 చొప్పున ఆ బాకీని మాఫీ చేస్తూ పత్రాలు రాసుకునేవారు. 2011 అక్టోబరు 1న ఆ పన్ను రద్దయింది.

ఇక గడువు సంగతి. మన ఊళ్ళలో ప్రోనోటుకు మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది. అందుకే గడువులోపల కొంత సొమ్ము కట్టించుకుని, నోటు వెనక చెల్లు రాయించేవారు. దాంతో మళ్ళీ మూడేళ్ళు. భారతదేశపు 1963 కాలపరిమితి చట్టంలో ఇప్పటికీ అదే పద్ధతి.

న్యూజీలాండ్‌లో గడువు ఆరేళ్ళు. ఆ లెక్క 1623 నాటి ఇంగ్లీషు చట్టం నుంచి వచ్చింది. 1950 చట్టం కింద, అడిగినప్పుడు తీర్చాల్సిన చేబదులుకు ఇచ్చిన రోజునుంచే ఆరేళ్ళు నడిచేవి. మొహమాటానికి అడగకుండా కూర్చుంటే బాకీ పోయేది. 2011 జనవరి 1న అమలులోకొచ్చిన కొత్త చట్టం దాన్ని మార్చింది. ఇప్పుడు అడిగాక తీర్చకపోతేనే లెక్క మొదలవుతుంది. అయితే అది అప్పేనని ముందు తేలాలి కదండీ!

మన తాతలు సొంత బావమరిదికిచ్చినా నోటు రాయించేవారు. అందులో అనుమానమేమీ లేదు, మనుషులు మరిచిపోతారని తెలుసు, అంతే. కనుక డబ్బు చేతులు మారిన రోజే ఎంత, అప్పా కానుకా, ఎప్పుడు తీర్చాలి అన్నవి రాసి, భార్యాభర్తలిద్దరి చేతా సంతకం చేయించండి. పెద్ద మొత్తమైతే వకీలుకు చూపించండి. వచ్చేవారం మరో విషయంతో కలుద్దాం, సెలవు.