శవపేటిక వెనక రెండో వరస

సిరీస్‌లో ఇది తొమ్మిదో భాగం. పేపర్లు దిద్దే పనిలో పడి రెండు వారాలు ఆలస్యమైంది, ఏమనుకోవద్దు. పొడుగు పోస్టు, తీరిక చూసుకుని చదవండి.

పోయిన నెల బీఏ చివరి ఏడాది పిల్లలకు ఒక వీడియో చూపించాను. అమెరికాలో న్యూ ఆర్లీన్స్ నగరం. ముందు శవపేటిక, దగ్గర్లో నల్లకోట్ల బ్యాండు, ఆ వెనక గొడుగులు ఎగరేస్తూ, చేతిరుమాళ్ళు తిప్పుతూ చిందులేస్తున్న జనం. అయిపోగానే వెనక బెంచీ కుర్రాడు "మేడమ్, వీళ్ళకి ఏడుపు రాదా?" అన్నాడు. పక్కవాడు అందుకున్నాడు: "నల్లోళ్ళకి మ్యూజిక్కు రక్తంలోనే ఉంటదిరా."

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇదే మాట చిన్నప్పుడు మా తాత గురించి విన్నాను. పెద్దింటి అరుగు మీద కూర్చున్నాయన "డప్పు మీవాళ్ళ రక్తంలోనే ఉందిరా" అంటుంటే తాత తల వంచుకుని నిలబడ్డాడు. అది పొగడ్తే అనుకున్నాను అప్పట్లో. రక్తంలో ఉన్నదానికి కూలి ఇవ్వక్కర్లేదని, దాన్ని ఒకడు ఏళ్ళ తరబడి నేర్చుకున్నాడని ఒప్పుకోనక్కర్లేదని తర్వాత తెలిసింది.

అందుకే ఈ భాగంలో ఆ ఊరేగింపు చరిత్ర రాస్తున్నాను. పాటల చరిత్ర కంటే ఎక్కువగా చందా పుస్తకాల చరిత్ర.

న్యూ ఆర్లీన్స్ మిసిసిపీ నది ఒడ్డున, సగం ఊరు సముద్రమట్టం కంటే పల్లంలో ఉంటుంది. ఫ్రెంచివాళ్ళు కట్టారు, మధ్యలో స్పెయిన్ ఏలింది, 1803లో అమెరికా కొనుక్కుంది. 1724లో ఫ్రెంచి పాలకులు తెచ్చిన బానిస చట్టం ఆదివారం పని చేయించకూడదంది. ఆ ఒక్క పూట సందులోనే ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు ఒకచోట చేరి వాయించారు, ఆడారు, సరుకులు అమ్ముకున్నారు. ఇన్ని చోట్ల చేరితే ప్రమాదమని 1817లో నగర పాలకులు ఒక్కచోటే చేరాలని కట్టడి చేశారు. ఆ చోటే కాంగో స్క్వేర్. 1819లో లాట్రోబ్ అనే వాస్తుశిల్పి అటుగా వెళ్తూ గుండ్రంగా చేరిన గుంపుల్నీ వాళ్ళ వాద్యాల్నీ చూశాడు. ఆయనకు అదేమీ నచ్చలేదు. కానీ డైరీలో బొమ్మలు గీసి పెట్టాడు. నచ్చనివాడి డైరీలోంచి మన చరిత్ర ఏరుకోవాల్సి రావడం మనకూ అలవాటే.

ఇక చావు. ఆ ఊళ్ళో చావుకు కొదవ లేదు. 1853లో పచ్చజ్వరం ఒక్కటే దాదాపు 8 వేల మందిని తీసుకుపోయింది. డబ్బున్నవాడికి నేలమీద కట్టిన రాతి సమాధి. లేనివాడికి బురద గుంట. బతికినన్నాళ్ళూ ఒకడి ఆస్తిగా బతికినవాడికి, చచ్చాక కూడా పేరు లేని గుంటలోకి పోతానేమో అన్న భయం ఎలా ఉంటుందో ఊహించండి.

ఆ భయానికి జవాబుగా పుట్టినవి పరస్పర సహాయ సంఘాలు. 1836లోనే స్వేచ్ఛ పొందిన నల్లజాతివాళ్ళు కొందరు 'ఎకానమీ' సంఘం పెట్టుకున్నారు. ట్రెమే పేటలో సొంత హాలు కట్టుకున్నారు. ఫ్రెంచిలో మినిట్స్ రాసుకున్నారు. వందేళ్ళకు పైబడిన ఆ చేతిరాత పుస్తకాలు చెత్తబండిలో పోతుంటే ఒకాయన చూసి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన కూతురు ఫాతిమా షేక్ వాటిని చదివి 2021లో 'ఎకానమీ హాల్' అనే పుస్తకం రాసింది. (ఆమె పూర్వీకుల్లో ఒకరు బెంగాల్ నుంచి వెళ్ళిన బట్టల వ్యాపారి. అది ఇంకో భాగానికి సరిపడా కథ.)

అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయాక ఇలాంటి సంఘాలు పేటపేటకూ పుట్టాయి. చాకలి పని చేసే ఆడవాళ్ళు, ఓడరేవు కూలీలు, తాపీ మేస్త్రీలు, చుట్టలు చుట్టేవాళ్ళు నెలనెలా కొంత కట్టేవాళ్ళు. జబ్బు చేస్తే సంఘం డాక్టరు, మందులు. చనిపోతే పేటిక, సమాధిలో చోటు, వెంట నడవడానికి సభ్యులు, ఇంకా ఒక బ్యాండు. తెల్లవాళ్ళ బీమా కంపెనీలు నల్లజాతివాళ్ళను చేర్చుకోనైనా లేదు, లేకపోతే ఎక్కువ గుంజాయి. కాబట్టి ఆ బ్యాండు ఆడంబరం కాదు. బతికుండగా తను కట్టిన చందాకు తనకు రావాల్సిన బాకీ. వాయించేవాళ్ళకు కూలి ముట్టేది. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి.

ఊరేగింపుకు ఒక వరస ఉంది. ముందు సంఘం పట్టీ భుజాన వేసుకున్న గ్రాండ్ మార్షల్, టోపీ తీసి గుండెకు ఆనించుకుని, అడుగులో అడుగు వేస్తూ నడుస్తాడు. ఒక అడుగు వేస్తాడు, ఆగుతాడు. అతని వెనక బ్యాండు, కుటుంబం, సంఘ సభ్యులు. ఇది మొదటి వరస. చర్చి నుంచి శ్మశానం దాకా నెమ్మదిగా సాగే కీర్తనలు. స్నేర్ డ్రమ్ము అడుగున ఉండే తీగలు వదులు చేస్తారు, చప్పుడు మూగబోయి బొంగురుగా వస్తుంది. నేను రికార్డింగులో మొదటిసారి విన్నప్పుడు, గొంతు పట్టుకుపోయిన మనిషి ఏడుపులా అనిపించింది. వెనక బెంచీ కుర్రాడు వెతికిన ఏడుపు ఇక్కడుంది. నా వీడియోలో ఆ ముక్క లేదు, తప్పు నాదే.

పేటిక తమను దాటి వెళ్ళిపోయే చోట 'శరీరాన్ని విడిచిపెట్టడం' అంటారు. అప్పుడు తీగలు మళ్ళీ బిగిస్తారు. డ్రమ్ము మోగుతుంది. దారి పొడుగునా చేరిన పిలవని జనం, పిల్లలు, ఎవరో తెలియనివాళ్ళు ఆడుతూ వెంటొస్తారు. అదే సెకండ్ లైన్, రెండో వరస. పాత వాద్యకారులు దీన్ని 'జాజ్ ఫ్యూనరల్' అని పిలిచేవాళ్ళు కాదు, 'బాజాతో జరిగిన చావు' అనేవాళ్ళు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ చిన్నప్పుడు ఆ రెండో వరసలో పరిగెత్తినవాడే, పెద్దయ్యాక టక్సీడో బ్యాండులో చావులకు వాయించినవాడే. 1971లో ఆయన న్యూయార్క్‌లో చనిపోతే అక్కడి అంత్యక్రియల్లో బ్యాండు లేదు. పుట్టిన ఊళ్ళో జనం మాత్రం పేటిక లేకుండానే ఊరేగింపు తీశారు.

అన్ని దుఃఖాలనూ పాట చేయనిచ్చారనుకోకండి. 1900 జూలైలో రాబర్ట్ చార్లెస్ అనే నల్లజాతి మనిషి పోలీసులతో తలపడి కాల్పులు జరిపాడు. దానికి బదులు తెల్ల గుంపులు రోజుల తరబడి వీధుల్లో దొరికిన నల్లవాళ్ళను కొట్టి చంపాయి. థామీ లఫోన్ బడిని తగలబెట్టాయి. చార్లెస్ మీద ఒక పాట పుట్టింది. పియానో వాద్యకారుడు జెల్లీ రోల్ మోర్టన్ 1938లో ఆ సంగతి చెబుతూ, తనకు ఆ పాట వచ్చేదనీ, ప్రశాంతంగా బతకాలంటే మరిచిపోవడమే మంచిదని మరిచిపోయాననీ అన్నాడు. నా పీహెచ్‌డీ మన చావు పాటల మీదే. దొరికిన పాటలు పోగేసి పట్టా తెచ్చుకున్నాను. మరిచిపోవాల్సి వచ్చిన పాటలకు ఒక అధ్యాయం ఉండాల్సిందని మోర్టన్ మాటలు చదివిన రోజు అనిపించింది.

ట్రెమే పక్కన క్లెయిబోర్న్ అవెన్యూ మీద ఓక్ చెట్ల వరసలు ఉండేవి. వాటి నీడలో దుకాణాలు, పండగలు, ఊరేగింపులు. 1966లో పైనుంచి హైవే వేయడానికి ఆ చెట్లన్నీ నరికేశారు. జనం ఊరేగింపు మానలేదు, వంతెన కిందే నడిచారు. తర్వాతెప్పుడో కాంక్రీటు స్తంభాల మీద ఓక్ చెట్ల బొమ్మలు వేశారు. ఆ బొమ్మల్ని 'హీలింగ్' అనే వ్యాసాలు చదివాను. నాకు మనసొప్పదు. చెట్టు పోయిన చోట చెట్టు బొమ్మ వేస్తే గాయం మానినట్టు కాదు, గాయం ఎక్కడుందో గుర్తు పెట్టినట్టు.

సంఘాలు బలహీనపడి, వాయించేవాళ్ళు ముసలివాళ్ళయిన కాలంలో డానీ బార్కర్ అనే పెద్దాయన 1970ల మొదట్లో ఫెయిర్‌వ్యూ చర్చి పిల్లలతో ఒక బ్యాండు కట్టాడు. ఈనాటి బ్రాస్ బ్యాండ్లలో చాలావాటికి ఆ పిల్లలే మూలం. రక్తంలో ఉంటే బార్కర్ ఎందుకు నేర్పాలి? ఆ తర్వాత మత్తుమందులు, తుపాకుల కాలం వచ్చింది. ఇరవై ఏళ్ళు నిండని కుర్రాళ్ళ శవాల వెనక స్నేహితులు ఫొటో అచ్చేసిన టీషర్టులతో నడిచారు. నెమ్మది కీర్తనలు వదిలేసి మొదటి నుంచే దరువు పెంచేశారు. పెద్దలు కోప్పడ్డారు: ఏడ్వకుండా ఆడితే అది చావా, జాతరా? ఆ తగువు ఇంకా తెగలేదు. నేను పెద్దల పక్షమే. కానీ నెలకో స్నేహితుణ్ణి పూడ్చినవాడికి నెమ్మదిగా నడిచే ఓపిక ఎక్కడిదని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

2005 ఆగస్టు 29. కత్రినా తుఫాను. గట్లు తెగి నగరంలో ఐదింట నాలుగు వంతులు మునిగింది. ట్రెమే వాళ్ళు హ్యూస్టన్‌కీ అట్లాంటాకీ చెదిరిపోయారు. 2006 జనవరిలో క్లబ్బులన్నీ కలిసి పెద్ద సెకండ్ లైన్ తీశాయి, దూరం నుంచి బస్సుల్లో, కార్లలో వచ్చి మరీ నడిచారు. చివర్లో కాల్పులు జరిగాయి. అదే సాకుగా నగరం ఊరేగింపు రుసుము విపరీతంగా పెంచింది. క్లబ్బులు కోర్టుకెక్కి తగ్గించుకున్నాయి.

2007 సెప్టెంబర్ చివర్లో ట్యూబా వాద్యకారుడు కెర్విన్ జేమ్స్ చనిపోయాడు. నిండా నలభై లేవు. పూడ్చేదాకా రోజూ రాత్రి పేటలో వాయిస్తూ నడవడం అక్కడి ఆనవాయితీ. అక్టోబర్ 1 రాత్రి కీర్తన మధ్యలో పోలీసు కార్లు వచ్చి చుట్టుముట్టాయి. ఇద్దరు వాద్యకారుల్ని పట్టుకెళ్ళారు. నేరం ఏమిటంటే పర్మిట్ లేకుండా ఊరేగడం, శాంతిభంగం. మర్నాడు రాత్రి పర్మిట్ తీసుకుని మళ్ళీ అదే వీధిలో వాయించారు.

వాళ్ళను వాయించినందుకు పట్టుకెళ్ళారు. మావాళ్ళను వాయించనందుకు కొట్టారు.

1994లో ఈదుముడిలో దండోరా మొదలయ్యాక ఆ గాలి మా ఊరికీ వచ్చింది. చావు డప్పు వెట్టి ఇక చేయమని మా పల్లె పెద్దలు తీర్మానించారు. మూడు నెలలు కూలిపనికి ఎవరూ పిలవలేదు. తాత డప్పును అటక మీద పెట్టేశాడు. ఊరి చావులన్నిటికీ వాయించిన మనిషి, ఒక్క మాట మాట్లాడకుండా.

ఆయన పోయినప్పుడు నేను ఎంఏలో ఉన్నాను. పాడె కడుతుంటే తగువు మొదలైంది. డప్పు వద్దు, తీర్మానం తీర్మానమే అని నాన్న. "అది వాళ్ళ చావులకన్నా! మన నాయనకు మనం కొట్టుకోడానికి ఎవడి తీర్మానం?" అని చిన్నాన్న. నాన్న జవాబివ్వలేదు. చిన్నాన్న నిచ్చెనేసి అటకెక్కాడు. డప్పు చర్మం ఒకచోట ఎలుకలు కొట్టింది. వీధిలో వరిగడ్డి మంట వేసి కాచాడు. కాగడానికి చాలాసేపు పట్టింది. శవం దగ్గర ఆడవాళ్ళం ఏడుపు ఆపి అటే చూస్తున్నాం. మొదటి దెబ్బ సరిగ్గా పలకలేదు. మళ్ళీ కాచాడు.

నాన్న వెళ్ళి మంటలో ఇంకో పిడికెడు గడ్డి వేశాడు.

(తర్వాతి భాగంలో ఫాతిమా షేక్ పూర్వీకుల బెంగాల్ కథ. మీ ఊళ్ళో చావు డప్పు ఎప్పుడు మానేశారో, సొంత చావులకు ఏం చేస్తున్నారో తెలిసినవాళ్ళు రాయండి. జై భీమ్.)