మస్టాంగ్ వెనక ఇరుసు కథ: సస్పెన్షన్ అప్‌గ్రేడ్‌కి ముందు వేసుకోవాల్సిన ప్రశ్న

ఈరోజు హిస్టరీ ఎపిసోడే, కానీ ముందు నా తప్పు ఒకటి చెప్పాలి.

జాబ్ వచ్చిన కొత్తలో ఒక సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్ కొన్నా. లుక్ బాగుంటుందని వెనక పొట్టి, గట్టి స్ప్రింగులు వేయించా. డ్యాంపర్లు మాత్రం పాతవే ఉంచేశా. ఓ ఆదివారం నాన్నని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కా. వంపులో జాయింట్ తగలగానే బండి వెనక భాగం ఎగిరి పక్కకి జరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కిందకి దిగాక నాన్న ఒక్కటే అడిగారు: "ఏం బాలేదని మార్చావురా?" నా దగ్గర సమాధానం లేదు.

అదే ప్రశ్నతో యాభై ఏళ్లు కుస్తీ పట్టిన కారు ఒకటుంది. ఫోర్డ్ మస్టాంగ్.

1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో దాన్ని పరిచయం చేశారు. లోపల చాలావరకు ఫాల్కన్ అనే మామూలు ఫ్యామిలీ కారే. వెనక రెండు చక్రాలకీ కలిపి ఒకే గట్టి ఇరుసు, అంటే లైవ్ యాక్సిల్. దాని కింద లీఫ్ స్ప్రింగులు, మన లారీల కింద కనిపించే కమాన్ పట్టీల్లాంటివే. చవక, బలం, రిపేర్ తేలిక. కానీ ఆ పట్టీలే బరువు మోయాలి, ఇరుసునీ పట్టుకోవాలి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే పట్టీ మెలితిరుగుతుంది, చక్రం టకటకా ఎగురుతుంది. దీన్నే వీల్ హాప్ అంటారు.

1965లో కారోల్ షెల్బీ టీమ్ జీటీ 350 చేసినప్పుడు ఇరుసు మొత్తం పీకేయలేదు. అది మెలితిరగకుండా ట్రాక్షన్ బార్లు, మంచి కోనీ డ్యాంపర్లు వేశారు. జబ్బు ఎక్కడుందో అక్కడే మందు.

1979లో ఫాక్స్ ప్లాట్‌ఫాం వచ్చింది. కమాన్ పట్టీలు పోయి కాయిల్ స్ప్రింగులు, నాలుగు ఆర్మ్‌లు వచ్చాయి. పైన రెండు ఆర్మ్‌లు ఏటవాలుగా ఉంటాయి. ఇరుసు తిరగకుండా, పక్కకి జరక్కుండా కూడా అవే ఆపాలి. వంపులో బాడీ ఒరిగినప్పుడు అవి మెలితిరగాలి కాబట్టి కంపెనీ మెత్తటి రబ్బరు బుష్‌లు పెట్టింది. చాలామంది ఓనర్లు "రబ్బరు వేస్ట్" అని అన్నిచోట్లా గట్టి పాలీయూరిథేన్ బుష్‌లు వేశారు. సీదా రోడ్డు మీద సూపర్. వంపులో మాత్రం ఆర్మ్‌లు బిగుసుకుపోయి, వెనక టైర్లు హఠాత్తుగా పట్టు వదిలేసేవి. పార్ట్ మంచిదే, పెట్టిన చోటు తప్పు. అనుభవం ఉన్నవాళ్లు పై బుష్‌లు రబ్బరువే ఉంచి, కింది ఆర్మ్‌లు గట్టివి వేసి, పక్కకి జరక్కుండా ప్యాన్‌హార్డ్ రాడ్ కలిపేవాళ్లు.

1999లో ఎస్‌వీటీ కోబ్రాకి ఇండిపెండెంట్ రియర్ సస్పెన్షన్ ఇచ్చారు. ఒక చక్రం గుంతలో పడినా రెండోది కదలదు. అందరూ సంతోషించారా? లేదు. డ్రాగ్ రేసర్లు కొంతమంది దాన్ని విప్పేసి మళ్లీ పాత ఇరుసే బిగించుకున్నారు! వాళ్లకి కావాల్సింది సీదాగా, విరక్కుండా పరుగెత్తడం. వాళ్ల ప్రశ్న వేరు, అందుకే సమాధానం కూడా వేరు.

2005 మోడల్‌లో లైవ్ యాక్సిలే కొనసాగింది. కానీ ఈసారి మూడు లింకులు, ప్యాన్‌హార్డ్ రాడ్‌తో చక్కగా కట్టారు. ఈ రాడ్‌తో ఒక చిక్కుంది: ఇరుసు పైకీ కిందకీ కదిలేటప్పుడు కొంచెం పక్కకి కూడా జరుగుతుంది. బండిని లోయర్ చేస్తే ఇరుసు మధ్యలోంచి తప్పుతుంది. అప్పుడు అడ్జస్టబుల్ రాడ్ వేసుకోవాలి. లేదా వాట్ లింక్. అవును, స్టీమ్ ఇంజిన్ జేమ్స్ వాటే! 1784లో పిస్టన్ రాడ్‌ని దాదాపు సీదాగా నడిపించడానికి ఆయన కనిపెట్టిన లింకేజ్ ఇది.

చివరికి 2015 మోడల్ నుంచి అన్ని మస్టాంగ్‌లకీ ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చింది. 2016లో ఇండియాలో అమ్మింది కూడా ఈ తరం కారే. మరి సమస్యలు పోయాయా? రూపం మార్చుకున్నాయి. ఇందులో సబ్‌ఫ్రేమ్ మెత్తటి బుష్‌ల మీద కూర్చుంటుంది. అది కదిలితే మళ్లీ వీల్ హాప్. మరీ కిందకి దించితే చక్రం పైభాగం లోపలికి వంగి, టైరు లోపలి అంచు అరిగిపోతుంది.

సరే, మనం ఏం చేయాలి? ముందు టైర్లు, అరిగిన బుష్‌లు, అలైన్‌మెంట్ చూడండి. తర్వాత సమస్యకి పేరు పెట్టండి. టేకాఫ్‌లో చక్రం ఎగురుతోందా? ఆర్మ్‌లు, బుష్‌లు. ఇరుసు పక్కకి జరుగుతోందా? ప్యాన్‌హార్డ్ లేదా వాట్. వంపులో ఒరుగుతోందా? స్ప్రింగ్, డ్యాంపర్ జోడీగా మార్చండి, ఒక్కటే వద్దు. వెనక యాంటీ రోల్ బార్ మరీ గట్టిదైతే తోక తిరిగే ప్రమాదం ఉంది, జాగ్రత్త. ఒకసారి ఒకటే మార్చి, నడిపి చూసి, ఆ తర్వాతే ఇంకోటి. కోడ్ డీబగ్ చేసేటప్పుడు కూడా అంతే కదా, పది లైన్లు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది? ఇంకో మాట: మన దగ్గర మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. కంపెనీ స్పెసిఫికేషన్ దాటే మార్పులకి అది అడ్డు. డబ్బు కట్టేముందే కనుక్కోండి.

నేనైతే ఆ పొట్టి స్ప్రింగులు తీయించేసి, పాతవే పెట్టించి, కొత్త డ్యాంపర్లు వేయించా. ఇప్పుడు నాన్న వెనక సీట్లో హాయిగా కునుకు తీస్తారు. నాకు అంతకన్నా మంచి టెస్ట్ రిపోర్ట్ అక్కర్లేదు.

మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా నడపండి, ఉంటా మరి.