ఒక్కరోజు రాజు: పేటల పునర్నిర్మాణంలో ప్రజల మాట

1

పట్టణ చరిత్ర అనగానే మన పుస్తకాలు కోటలను, బురుజులను, వాటిని కట్టించిన ప్రభువులను వర్ణిస్తాయి. ఆ బురుజు రాళ్లు మోసినవాళ్లు రాత్రి ఎక్కడ పడుకున్నారో, ఆ పడుకున్న చోటునుంచి వాళ్లను ఎవరు ఎప్పుడు ఎందుకు లేపి పంపారో చెప్పవు. సాహిత్యం చదివి, సాహిత్యం చెప్పుకొని బతికే నాకు ఈ లోటు చాలాకాలం లోటుగానే తోచలేదు. తోచడానికి ఒక సభ కారణమయింది.

కొన్నేళ్ల క్రితం ఒక పాతపేటను తొలగించి అక్కడ అంతస్తుల ఇళ్లు కట్టాలన్న ప్రతిపాదనపై ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతున్నదని తెలిసి, ఇద్దరు విద్యార్థులను వెంటబెట్టుకొని వెళ్లాను. శ్రీరామనవమికి పేటవాళ్లు చందాలు వేసుకొని వేసిన తాటాకు పందిరి ఇంకా విప్పలేదు. సభ ఆ పందిరి కిందే జరిగింది. బల్ల మీద పరిచిన పటంలోని అక్షరాలన్నీ ఇంగ్లీషువి. అధికారి మాట్లాడటం ముగించిన తరువాత ఒక ముసలామె లేచి, "నా కుట్టుమిషను మూడో అంతస్తుకు ఎక్కుతుంది గానీ, నాకు గుడ్డలిచ్చేవాళ్లు ఎక్కుతారా నాయనా?" అని అడిగింది. "నీ సూచన నమోదు చేసుకున్నాం అమ్మా" అన్నాడాయన. ఆమె అడిగింది ప్రశ్న. నమోదయింది సూచన. ప్రశ్నకు జవాబు చెప్పాలి, సూచనకు అక్కరలేదు. ఈ మార్పు ఒక్క అధికారి తెలివి కాదు. దాని వెనుక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మూడు ఘట్టాలను ఇక్కడ పరిశీలించదలచాను.

2

మన దేశంలో పేదల పేటలను పడగొట్టడం ఒక శాస్త్రంగా, ఒక శాఖగా రూపొందింది ప్లేగు కాలంలో. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టింది. 1898లో బొంబాయి నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడింది. గాలి ఆడని ఇరుకు సందులే రోగానికి మూలమనీ, సందులను చీల్చి వెడల్పు వీధులు వేస్తే నగరం ఆరోగ్యవంతమవుతుందనీ దాని సిద్ధాంతం. ఇళ్లు కూల్చినంత వేగంగా ఇళ్లు కట్టడం జరగలేదు. కూలినింటివాడు తన పని ఉన్నచోటును వదిలి పోలేడు కనుక పక్కసందులోని గదిలో ఇంకో కుటుంబంతో కలిసి తలదాచుకున్నాడు. ఒక పేటలో తగ్గిన ఇరుకు పక్కపేటలో పెరిగింది. కొత్తగా వేసిన రోడ్డుకు గవర్నరు శాండ్‌హర్స్ట్ పేరు పెట్టారు.

హైదరాబాదుది కొంత వేరు కథ. అక్కడ మొదట వచ్చింది నీరు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాదిమందిని, వేలాది ఇళ్లను తుడిచిపెట్టింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలపై ఎగువన జలాశయాలు కట్టాలని నిర్ణయించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడి మురికిపేటలను తొలగించడం, వీధులు వెడల్పు చేయడం, కొన్ని చోట్ల సామాన్యులకు ఇళ్లు కట్టించడం చేపట్టింది. ఆ బోర్డు పనిని తేలికగా తీసిపారేయడం న్యాయం కాదు. అది కట్టిన ఇళ్లలో ఎందరో బతికారు. ఐతే అడగడమనే పద్ధతి ఆ బోర్డుకు గాని, బొంబాయి ట్రస్టుకు గాని లేదు. పాలితుణ్ణి అడగడం పాలన లక్షణమని సామ్రాజ్యవాదీ అనుకోలేదు, సంస్థానాధీశుడూ అనుకోలేదు.

3

అడగాలి అన్నవాడు ఆ రోజుల్లో ఒకడు వచ్చాడు. ఆయన పేరు పాట్రిక్ గెడ్డెస్. 1854లో స్కాట్లండులో పుట్టాడు; వృక్షశాస్త్రజ్ఞుడు. ఎడింబరో పాతపట్టణంలోని శిథిలమైన పేదల ఇళ్ల మధ్యకు 1886లో భార్య ఆనాతో కలిసి కాపురం మార్చి, ఇరుగుపొరుగుతో కలిసి సున్నాలు వేసి, దొడ్లు బాగుచేసినవాడు. 1914లో పట్టణ నిర్మాణ ప్రదర్శన ఒకటి వెంటబెట్టుకొని మద్రాసుకు బయలుదేరాడు. ఆ సామాను తెస్తున్న ఓడను జర్మను యుద్ధనౌక ఎండెన్ ముంచివేసింది. మిత్రులు పంపిన పటాలతో ప్రదర్శనను మళ్లీ కూర్చి మద్రాసులో చూపించాడు. ఆ తరువాత మద్రాసు, బొంబాయి రాష్ట్రాల పట్టణాలు పెక్కింటిని కాలినడకన తిరిగి నివేదికలు రాశాడు.

ఆయన పద్ధతిలో రెండు మాటలు ముఖ్యం. మొదటిది రోగనిర్ణయం కోసం పరిశీలన. వైద్యుడు నాడి చూడకుండా కత్తి పట్టడు గదా. అలాగే పటం గీసేవాడు ముందు ప్రతి సందూ నడవాలి, ఏ బావి దగ్గర ఎవరు కూడుతారో, ఏ చెట్టు కింద ఏ పని జరుగుతుందో చూడాలి. రెండవది పొదుపైన శస్త్రచికిత్స. పేటనంతా కొట్టివేయకుండా, పూర్తిగా పాడైన ఒకటి రెండు ఇళ్లు మాత్రం తీసి, ఆ ఖాళీని బయలుగా ఉంచి, మిగిలిన ఇళ్లను నిలపడం. తంజావూరులో ఇంజనీర్లు తిన్నని గీత గీసి ఇళ్లవరుసలను తొలగించాలన్న చోట, ఆయన వంకరసందునే కాస్త సరిచేసి, చాలా తక్కువ ఖర్చుతో అదే గాలి, అదే వెలుతురు వస్తాయని పటాలు పక్కపక్కన పెట్టి చూపాడు. తిన్నని గీత మీద మోజు అప్పటి ఇంజనీర్లతో పోయిందనుకుంటే పొరపాటు.

1917-18లో గెడ్డెస్ ఇందోరు సంస్థానంలో పనిచేశాడు. మూడవ తుకోజీరావు హోల్కరు రాజు. నూలుమిల్లులు వెలుస్తున్న పట్టణం, ప్లేగు భయం. గెడ్డెస్ సందుల్లో తిరుగుతుంటే, ఇల్లు కూల్చడానికి వచ్చిన దొర అని జనం తలుపులు వేసుకున్నారట. ఆ భయం అకారణం కాదని పైన చూశాం. అప్పుడు ఆయన రాజును అడిగి ఒక్కరోజు రాచరికం తీసుకున్నాడు. ఈ కథ ఆయన తరువాత చెప్పుకున్నదే.

దీపావళికి ఊరేగింపు వస్తుందనీ, అది హిందువులు అలవాటుగా నడిచే దారినీ పోదు, ముస్లిములు నడిచే దారినీ పోదు, ఏ వీధిలో ఇళ్లు బాగా శుభ్రపడి మరమ్మతయితే ఆ వీధిన పోతుందనీ చాటించాడు. చెత్త ఉచితంగా తీసుకుపోవడానికి బండ్లు పెట్టాడు, ఎలుకబోనులు ఇచ్చాడు. ఊరు ఊరంతా కదిలింది. గోడలకు సున్నాలు పడ్డాయి. తరాల చెత్త బండ్లకెక్కింది. పండుగనాడు ఏనుగులు, ఒంటెలు, పంటల బండ్లు, చేతిపనుల బండ్లు, రాబోయే ఇళ్ల నమూనాలు కదిలాయి. వాటి మధ్య, తెల్లని కొత్తబట్టలతో, పూలమాలలతో, కొత్త చీపుళ్లతో పాకీపనివాళ్లు నడిచారు. చివర ప్లేగు ఎలుక బొమ్మను బాణాసంచాతో తగలబెట్టారు.

మన పాఠకులకు ఇందులో వింత తోచకూడదు. సికిందరాబాదు మహంకాళి గుడికి చెప్పే ఐతిహ్యం చూడండి: 1813లో ఉజ్జయినిలో ఉన్న పటాలంవాళ్లు, కలరా తగ్గితే తమ ఊళ్లో అమ్మవారిని నిలుపుతామని మొక్కుకున్నారంటారు. ఆ ఉజ్జయినీ, ఈ ఇందోరూ ఒకే మాళవంలోవి. ఘటం ఏ వీధిన వస్తుందో ఆ వీధిన అలుకులు, ముగ్గులు, వేపమండలు పడటం మనం ఏటా చూస్తున్నదే. గెడ్డెస్ కొత్త శక్తిని సృష్టించలేదు. జనంలో ఉన్న శక్తినే గుర్తించి వాడుకున్నాడు. పేదవాడికి శుభ్రత తెలియదన్న పాలకవర్గపు అబద్ధాన్ని ఒక్క పండుగతో బద్దలుకొట్టాడు. ఇది ఆయన గొప్ప.

ఐతే ఇక్కడే ఆగిపోతే మనం చరిత్ర చదివినట్టు కాదు, కథ విన్నట్టు. సున్నం వేసుకోగలవాడే ఊరేగింపును గెలుచుకున్నాడు. సున్నానికీ డబ్బు లేనివాడి వీధికి ఏనుగు రాలేదు. దారి నిర్ణయించినవాడు ఒక్కరోజు రాజు. అతని పైన మిగిలిన మూడువందల అరవైనాలుగు రోజుల రాజు. పూలమాల వేసుకున్న పాకీమనిషి మర్నాటి ఉదయం అదే తట్ట, అదే చీపురు పట్టుకొని అదే సందుకు పోయాడు. మాల ఒకనాటిది, కులం నిత్యమైనది. గెడ్డెస్ జనాన్ని ప్రేమించాడు, చూశాడు, కదిలించాడు. కాని జనం 'వద్దు' అంటే ఆగవలసిన ఏర్పాటేదీ ఆయన చేయలేదు, చేయగల స్థితిలోనూ లేడు. ఆయన నివేదిక దర్బారుకు రాసింది. 1918లో అచ్చయిన ఆ రెండు సంపుటాల పేరులోనే ఆ సంగతి ఉంది.

4

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 'అడగడం' ప్రభుత్వ భాషలోకి ప్రవేశించింది. ఢిల్లీలో 1958లో ఫోర్డు ఫౌండేషను సహాయంతో నగర సామాజికాభివృద్ధి పథకం మొదలై పేటల్లో వికాస మండలులు ఏర్పడ్డాయి. హైదరాబాదు నగరపాలక సంస్థ 1967లో అటువంటి పథకం చేపట్టింది. బాలవాడీలు, కుట్టు తరగతులు, యువజన సంఘాలు, మహిళా మండలులు, పండుగలు, ఆటలపోటీలు దాని తొలి పనులు. మనలో కొందరు దీన్ని చూసి నవ్వారు. వర్గపోరాటం స్థానంలో కుట్టు తరగతి పెడుతున్నారన్నారు. ఆ విమర్శలో పాలు నిజం ఉంది. పాలు తొందరా ఉంది. బాలవాడీ కోసం కూడిన తల్లులే కొళాయి అడిగారు. కొళాయి వచ్చినవాళ్లు పట్టా అడిగారు. 1970ల చివరకు ఆ పథకం పట్టాలు, బ్యాంకు రుణాలతో, బస్తీవాళ్లు తమ స్థలంలో తామే ఇల్లు కట్టుకునే దశకు వచ్చింది. పట్టా చేతికొచ్చిన మనిషి మాట తీరే మారుతుంది. దయ అడిగే గొంతు వేరు, హక్కు అడిగే గొంతు వేరు.

1983 నుంచి బ్రిటను సహాయధనంతో ఆ పథకం విస్తరించింది. పెద్ద డబ్బుతో పెద్ద లెక్కలు, గడువులు, గుత్తేదార్లు వచ్చారు. ఎన్ని గజాల కాలువ వేశామన్నది లెక్కకెక్కినంత సులభంగా, ఎవరిని అడిగామన్నది లెక్కకెక్కదు.

ఈ అనుభవం మనది మాత్రమే కాదు. బ్రిటనులో 1968 చట్టం పట్టణ ప్రణాళికలను ప్రజలకు తెలిపి అభిప్రాయం తీసుకోవాలన్నది. 1969లో స్కెఫింగ్టన్ కమిటీ అందుకు పద్ధతులు చెప్పింది. అదే 1969లో అమెరికాలో షెర్రీ ఆర్న్‌స్టైన్ ప్రజాభాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపింది. అట్టడుగున జనాన్ని మభ్యపెట్టడం, పైమెట్టున జనమే నిర్ణయించడం. అభిప్రాయం సేకరించడం నాలుగో మెట్టు మాత్రమే. వినడం ఉంటుంది గాని విన్నది పాటించే పూచీ ఉండదు కనుక ఆమె దాన్ని నామమాత్రపు మెట్లలోనే లెక్కించింది. నేను చూసిన సభలో 'నమోదు చేసుకున్నాం' అన్న మాట సరిగ్గా ఆ మెట్టుమీది మాటే.

5

ఇక చట్టం సంగతి. 1894 భూసేకరణ చట్టంలో అభ్యంతరం చెప్పుకునే అవకాశం 1923 దాకా లేదు. 1923లో వచ్చిన అవకాశం కూడా భూమిలో తనకు హక్కు ఉందని చూపగలిగినవాడికే. పోరంబోకులో గుడిసె వేసుకున్నవాడు చట్టం కంటికి ఆనలేదు. 2013లో వచ్చిన కొత్త చట్టం చాలా ముందడుగు. సామాజిక ప్రభావ అంచనా, బహిరంగ విచారణ తప్పనిసరి చేసింది. కౌలుదారును, కూలీని, ఆ భూమిమీద బతికే చేతిపనివాణ్ణి కూడా బాధిత కుటుంబంగా గుర్తించింది. ప్రైవేటు కంపెనీలకు సేకరిస్తే నూటికి 80 మంది, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యానికైతే 70 మంది సమ్మతి కావాలన్నది. కాని విద్యార్థులు ఆ నిబంధనను జాగ్రత్తగా చదవాలి: సమ్మతి లెక్కలోకి వచ్చేది భూమి సొంతదారులు, ప్రభుత్వం భూమి ఇచ్చినవాళ్లు మాత్రమే. కౌలుదారూ కూలీ బాధితులే గాని సమ్మతిదారులు కారు. దుఃఖంలో భాగముంది, నిర్ణయంలో లేదు. ఆ చట్టాన్ని కూడా తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2018లో సవరించి కొన్ని రకాల పథకాలను ప్రభావ అంచనానుంచి తప్పించగల వీలు కల్పించుకున్నాయి.

అమరావతి కోసం 2015లో జరిగిన భూసమీకరణలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. భూమి ఉన్న రైతు చేతికి అంగీకార పత్రం ఇచ్చారు. అతను సంతకం పెట్టవచ్చు, పెట్టకపోవచ్చు. ఆ స్వేచ్ఛ ఎంత నిజమైనదన్నది వేరే చర్చ. అదే పొలంలో పూలు కోసి బతికే కూలీ కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను ప్రకటించారు. పింఛను అవసరమే. కాని ఆమెకు ఏ పత్రమూ ఇవ్వలేదు. ఒకరిని అడిగారు, ఇంకొకరికి ఇచ్చారు. ఇవ్వడం ఎంత ఉదారమైనదైనా అడగడానికి బదులు కాదు.

6

ఈ చరిత్రనుంచి మూడు ప్రశ్నలు తేలుతున్నాయి. ఎవరిని అడిగారు? నిర్ణయానికి ముందు అడిగారా, తరువాత అడిగారా? 'వద్దు' అన్నమాటకు బలం ఉందా? బొంబాయి ట్రస్టు మొదటి ప్రశ్నే వేసుకోలేదు. గెడ్డెస్ మొదటి ప్రశ్నకు కళ్లతో జవాబు వెతికాడు, మూడవదాని దాకా రాలేదు. హైదరాబాదు బస్తీల్లో పట్టా చేతికొచ్చినచోట మూడవ ప్రశ్నకు కొంత జవాబు దొరికింది. 2013 చట్టం మూడింటినీ కాగితం మీద వేసి, మూడవదానికి ఆస్తి అనే తాళం బిగించింది.

ప్రజలను అడిగితే పనులు ఆగిపోతాయనే వాదన తరచు వింటున్నాం. అడగకుండా కట్టిన ఇళ్లు ఖాళీగా పడి ఉండటమూ, ఇచ్చిన ఇంటిని అద్దెకిచ్చి మనిషి తిరిగి పని దొరికే పేటకే గుడిసె వేసుకోవటమూ మనం చూస్తున్నాం. ఇది కృతఘ్నత కాదు. ఆలస్యంగా చెప్పిన అభ్యంతరం.

మనం చేయగలిగింది ఏమిటి? గెడ్డెస్ నడిచినట్టు మన కళాశాలల విద్యార్థులు తమ పేటల్లో ఇల్లిల్లూ నడవాలి. ఏ ఇంట్లో ఏ పని సాగుతున్నదో, ఆ పనికి నేల ఎంత అవసరమో, అద్దెకున్నవాళ్లు ఎవరో తెలుగులో రాసిపెట్టాలి. పటాన్ని తెలుగులో గీయాలి. పండుగపందిరి విప్పకముందే, అధికారి రాకముందే, ఆ పటాన్ని పందిట్లో పరచి పేటవాళ్లచేత దిద్దించాలి. అప్పుడు సభ జరిగిననాడు బల్లమీద రెండు పటాలుంటాయి.

ఆ కుట్టుమిషను ముసలామె ప్రశ్నకు ఆ రోజు నా దగ్గరా జవాబు లేదు. ఆమె పక్కన కూర్చున్న నా విద్యార్థి మాత్రం తన నోటుపుస్తకంలో దాన్ని ప్రశ్నగానే రాసుకున్నాడు.