టోపీ పిన్ను, కుక్కర్ మూత, మా పాత మారుతి

మా ఇంటికి పాత మారుతి 800 వచ్చి ఏడాది దాటింది. 2006 మోడల్. మా వారి ఉద్యోగం వేరే ఊళ్ళో. అత్తయ్యగారి కంటి ఆపరేషన్ అయ్యాక మాటిమాటికీ రాజమండ్రి తీసుకెళ్ళాల్సి రావడంతో నేనే డ్రైవింగ్ నేర్చుకుని, నేను దాచుకున్న డబ్బుతో కొన్న కారు. స్టీరింగూ, గేర్లూ తప్ప నాకేమీ తెలీదు. అమ్మినాయన "మారుతి కదమ్మా, పెట్రోలు పోస్తే చాలు" అన్నాడు. నమ్మేశాను.

ఆ నమ్మకం నా ఒక్కదానిదే కాదు లెండి, దాని వెనక కొంత చరిత్ర ఉంది. నా చిన్నప్పుడు మా నాన్నగారికి అంబాసిడర్ ఉండేది. ఆదివారం పొద్దున్నే బానెట్ ఎత్తి రేడియేటర్‌లో నీళ్ళు, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్, ఇంజన్‌లో ఆయిల్ చూసుకునేవారు. డిప్‌స్టిక్ తుడవడానికి అమ్మ పాత చీర ముక్క ఇచ్చేది. ఆ రోజుల్లో కారున్న ఇంట్లో అందరూ సగం మెకానిక్కులే!

1983 డిసెంబర్ 14న ఇందిరా గాంధీ మొదటి మారుతి 800 తాళాలు ఢిల్లీలో హర్‌పాల్ సింగ్ గారి చేతికిచ్చారు. ధర 50 వేల లోపే. 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న సుజుకీ ఇంజన్. మధ్యతరగతి ఇంట్లో ఆడవాళ్ళు కూడా ధైర్యంగా నడిపిన కారు అది. పెద్దగా మొరాయించకపోవడంతో ఆదివారం బానెట్ ఎత్తే అలవాటు మెల్లగా పోయింది. 2014లో 800 తయారీ ఆగింది. అదే ఏడాది అంబాసిడర్ కూడా ఆగిపోయింది. ఆ మొట్టమొదటి 800 ఏమైందో తెలుసా? ఆయన 2010లో పోయాక ఎండకీ వానకీ నిలబడి తుప్పు పట్టింది. తర్వాత కంపెనీ వాళ్ళే బాగుచేయించి పెట్టుకున్నారు. మొరాయించని కారుకైనా చూసే చెయ్యి ఉండాలన్నమాట.

నాకది తెలిసొచ్చింది గోదావరి మీద. కొవ్వూరు నుంచి రాజమండ్రికి రోడ్డు కం రైలు వంతెన మీద వెళ్తున్నాం. పక్కన అత్తయ్యగారు, వెనకాల లారీ. సగం దూరంలో టెంపరేచర్ ముల్లు పైకి పోవడం కనిపించింది. ఆపడానికి చోటు లేదు. అత్తయ్యగారికి చెప్తే కంగారు పడతారని చెప్పలేదు. వంతెన దిగగానే చెట్టు కింద ఆపి ఇంజన్ కట్టేశాను. బానెట్ సందుల్లోంచి ఆవిరి. పక్కనే టీ తాగుతున్న ఒకాయన సాయం చేద్దామని తువ్వాలు పట్టుకుని రేడియేటర్ మూత తియ్యబోయాడు.

"వద్దు బాబూ, ముట్టుకోకండి!" అని అరిచేశాను.

నాకు కారు తెలీదు కానీ, కుక్కర్ తెలుసు కదా. లోపల ఆవిరి ఉండగా మూత తీస్తే ఏమవుతుందో వంట చేసే ఎవరిని అడిగినా చెప్తారు. రేడియేటర్ కూడా అంతే. ఒత్తిడిలో ఉన్న నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీసిన మరుక్షణం ముఖం మీదకి ఎగజిమ్ముతాయి. ముప్పావుగంట ఆగాం. మెకానిక్ వచ్చి చూస్తే రబ్బరు పైపు పగిలింది. ఎన్నో ఏళ్ళుగా కూలెంట్ బదులు మామూలు నీళ్ళే పోశారట, లోపలంతా తుప్పు. "ఇంకాస్త దూరం నడిపుంటే హెడ్ గాస్కెట్ పోయేదమ్మా" అన్నాడు. డాక్టర్‌గారు సాయంత్రం చివర్లో చూశారు కాబట్టి సరిపోయింది.

ఆ తర్వాతే బెర్తా బెంజ్ కథ చదివాను. జర్మనీలో 1886లో కారుకి పేటెంట్ తీసుకున్న కార్ల్ బెంజ్ భార్య. పెళ్ళికి ముందే ఆమె కట్నం డబ్బు ఆయన వ్యాపారాన్ని నిలబెట్టింది. 1888 ఆగస్టులో ఆయనకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైమాటే. కారులో అంత దూరం అప్పటిదాకా ఎవరూ వెళ్ళలేదు. ఇంధనం వెళ్ళే గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. ఇంజన్ తీగ ఒరుసుకుపోతే కాలిమేజోడు పట్టీ చుట్టింది. విస్‌లాఖ్‌లో మందుల షాపులో ఇంధనం కొంది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడితో తోలు వేయించింది. ఇంజన్ వేడెక్కకుండా దారిలో దొరికిన చోటల్లా నీళ్ళు పోసుకుంటూ వెళ్ళింది. ఇది చదివి చాలాసేపు నవ్వుకున్నాను. మన చీర ముక్కలు, మన కుక్కర్ బుద్ధులే కదా అవి!

పాత కారు కొత్తగా కొన్నవాళ్ళకి నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్తాను. వెనకటి యజమాని ఎప్పుడు మార్చాడో తెలియని వాటిని అసలు మార్చనట్టే లెక్కేసుకోండి: ఇంజన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, టైమింగ్ బెల్టు. రబ్బరు పైపులు నొక్కి చూడండి, గట్టిపడితే మార్పించండి. టైర్లకి అరుగుదలే కాదు, పక్కన వయసు పగుళ్ళు కూడా చూడండి. ఆర్సీ 15 ఏళ్ళు దాటితే ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్ చేయించారో లేదో చూసి మరీ కొనండి. బానెట్ మాత్రం ఇంజన్ చల్లగా ఉన్న పొద్దుటిపూటే ఎత్తండి.

ఇప్పుడు మా ఇంట్లో మళ్ళీ ఆదివారం బానెట్ లేస్తోంది. వంతెన మీద ముల్లు సంగతి అత్తయ్యగారికి ఈమధ్యే చెప్పాను. "నాకప్పుడే తెలుసమ్మా, నువ్వు మాట్లాడ్డం మానేశావుగా" అన్నారు. నేను డిప్‌స్టిక్ తీసేలోపు తుడిచే గుడ్డ ఆవిడే తెచ్చిస్తున్నారు. కన్ను బాగా కనిపిస్తోందిగా, "ఆయిల్ గీత దాకా ఉందిలే" అని కూడా ఆవిడే చెప్తున్నారు.