మన ఇళ్లలో తౌలియా, మిస్వాక్, మంజన్: ఒక చిన్న తారీఖ్

ఒక ఇంట్లో ఎన్ని తౌలియాలు ఉండాలి? హఫీజ్‌పేట్‌లో మా గల్లీలో ఈ సవాల్ మీద సాస్-బహూల మధ్య మాటలు ఆగిపోయిన ఇళ్లు నాకు తెలుసు. కొత్తగా వచ్చిన కోడలు తన తౌలియా, తన సాబున్ డబ్బీ, తన కంఘీ వేరుగా పెట్టుకుంటుంది. అత్తకు అది గుచ్చుకుంటుంది. "మేమేమన్నా గైర్లమా? మాకేమన్నా బీమారీలున్నాయా?" అంటుంది. కోడలికి అది సఫాయీ, అత్తకు అది బేఇజ్జతీ. కొడుకు మధ్యలో నిలబడి ఫోను చూసుకుంటుంటాడు.

ఇద్దరి మాట వెనకా తారీఖ్ ఉంది. అది చాలా పాతదేమీ కాదు కూడా.

ముందు మన పాత ఇళ్లలో నిజంగా ఏమేం పంచుకునేవారో చూద్దాం. "ఆ రోజుల్లో అంతా ఒకటే, నీది నాది లేదు" అని పెద్దలు గర్వంగా చెబుతారు. సగమే నిజం. సాలార్‌జంగ్ మ్యూజియంకి పోయినప్పుడు బీదరీ సామాను ఉన్న చోట కాసేపు ఆగండి. సన్నని తొండం ఉన్న ఆఫ్తాబా కనిపిస్తుంది. దానికి జోడీ చిలంచీ, అంటే చేతులు కడిగిన నీళ్లు పడే వెడల్పాటి పాత్ర. దస్తర్‌ఖాన్ మీద పదిమంది కూర్చుంటే ఒకే ఆఫ్తాబా అందరి దగ్గరికీ తిరిగేది. కానీ ఎవరి చెయ్యీ అందులో మునగదు. ఒకరు పోస్తారు, ఇంకొకరు కడుక్కుంటారు, మురికి నీళ్లు చిలంచీలోకి పోతాయి. అంటే పాత్ర అందరిదీ, నీళ్లు మాత్రం ఎవరివి వారివి. గరీబుల ఇంట్లో బీదరీ ఉండదు, మట్టి బద్నా ఉంటుంది. ఉసూల్ మాత్రం అదే.

పళ్ల సంగతీ అంతే. వేప పుల్ల ఒకసారి నమిలి పారేస్తారు కనుక దాన్ని పంచుకునే మాటే రాదు. మంజన్ సీసా ఇంటిల్లిపాదికీ ఒకటే. దాన్ని అరచేతిలో ఒంపుకుంటారు, ఎవరి వేలు వారిది. 1920లో హైదరాబాద్‌లో కార్ఖానా జిందా తిలిస్మాత్ పెట్టిన హకీమ్ మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ గారి పేరు మీదే ఫారూఖీ మంజన్ ఉంది. మన తరం వాళ్లలో ఆ పొడి రుచి ఎరగని నాలుక తక్కువే. ఒకే సీసాతో ఇంట్లో ఎనిమిది మంది పళ్లు తోముకున్నా ఎవరి నోటిది ఎవరికీ అంటదు. ఇంత తెలివైన ఏర్పాటు టూత్‌పేస్టులో లేదు. నలుగురి బ్రష్షులూ ఒకే ట్యూబు మూతిని రాసుకుంటాయి కదా.

ఇక నిజంగా పంచుకున్నవి తౌలియా, కంఘీ, ఉస్తరా, సాబున్. గుస్ల్ అయ్యాక మా దాదీ తన ఓఢ్నీ కొంగుతోనే పిల్లలందరి తలలూ తుడిచేది. అప్పుడు మాకు అది మొహబ్బతే. మక్తబ్‌లో ఒకరి నెత్తిన పేలు పడితే నాలుగు రోజుల్లో ఇల్లంతా పాకేవి. ఇంట్లో ఉన్న ఒక్క పేల దువ్వెనే మళ్లీ అందరి తలల్లో తిరిగేది.

దీన్ వైపు నుంచి ఒక మాట. ఈ గొడవలో అత్తలు హదీసులు తెస్తారు, అవి అబద్ధాలు కావు. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం, హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హా ఒకే పాత్రలోని నీళ్లతో గుస్ల్ చేసేవారని సహీహ్ బుఖారీలో ఉంది. ఆయన వఫాత్‌కు కాస్త ముందు, ఆమె సోదరుడు అబ్దుర్రహ్మాన్ చేతిలోని మిస్వాక్‌ను ఆమె తీసుకుని, నమిలి మెత్తబరిచి ఆయనకిచ్చిన సంగతీ ఉంది. సునన్ అబూ దావూద్‌లో ఇంకొకటి ఉంది. కడగమని ఆయన తన మిస్వాక్ ఇస్తే, ఆమె ముందు తాను దాంతో పళ్లు తోముకుని, తర్వాత కడిగి తిరిగి ఇచ్చేవారు. మనవాళ్లు ఇక్కడ మొదటి సగమే చెబుతారు. ఆ మిస్వాక్ కడగడానికి ఇచ్చింది, కడిగాకే తిరిగి వెళ్లింది. పైగా ఇవన్నీ మియా-బీవీల మధ్య విషయాలు. ఖాందాన్‌లోని పన్నెండు మందికీ ఒక బ్రష్షు చాలని వీటి నుంచి తీయడం నాకైతే జబర్దస్తీగానే కనిపిస్తుంది.

అయితే అత్త మనసులో ఉన్న గాయం ఇంకోటి. హనఫీ ఫిఖ్‌లో మనిషి జూఠా పాక్. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో మౌలానా అష్రఫ్ అలీ థానవీ రాసిన బహిష్తీ జేవర్ మన ఆడపిల్లల జహేజ్‌లో పెట్టెతో పాటు పోయేది. అందులోనూ ఈ మసలా ఉంది. చుట్టూ సమాజంలో ఎంగిలి, మైల, అంటు అనే లెక్కలు నడుస్తున్న దేశంలో ఇది చిన్న మాట కాదు. బ్రిటిష్ కాలంలో రైల్వే స్టేషన్లలో 'హిందూ పానీ', 'ముసల్మాన్ పానీ' అని వేర్వేరు కుండలుండేవి. 'నువ్వు తాకిన గ్లాసు నేను తాకను' అన్న మాట విన్నవాళ్ల బిడ్డలు తమ ఇంట్లో ఒకే థాల్‌లో తినడాన్ని ఇజ్జత్‌గా చూసుకున్నారు. అందుకే కోడలు తౌలియా వేరు పెడితే అత్తకు సఫాయీ కనిపించదు, పాత ఛూత్‌ఛాత్ కనిపిస్తుంది.

ఇక్కడ ఒకటి అనకుండా ఉండలేను. ఒకే థాల్ అని గర్వపడే మన ఇళ్లలోనే పనామెకు హ్యాండిల్ విరిగిన కప్పు వేరుగా ఎందుకుంటుంది? ఆమె ఉతికిన తౌలియా పాక్, ఆమె పెదవి తాకిన కప్పు నాపాక్ అని ఏ ఫిఖ్ కితాబులో ఉంది?

మరి కోడలి వైపు తారీఖ్? అది షహర్‌లో మొదలైంది. 1908 సెప్టెంబర్‌లో మూసీ తుఫాను వేలమందిని మింగింది. 1911లో తాఊన్, అంటే ప్లేగు వచ్చింది. ఆ తర్వాతే సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చి ఇరుకు గల్లీలను తెరిచింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నల్లా నీళ్లు ఇంట్లోకి వచ్చాక ఆఫ్తాబా పట్టి పోసే మనిషి అక్కర్లేకపోయాడు. బీమారీ గాలి నుంచో నసీబ్ నుంచో కాదు, కంటికి కనిపించని జరాసీమ్ నుంచి వస్తుందన్న మాట స్కూలు కితాబుల్లోకి వచ్చింది. నా ఉర్దూ మీడియం బడిలో కూడా 'హిఫ్జాన్-ఎ-సెహత్' పాఠం ఉండేది.

సాబున్ బజారు నుంచి వచ్చింది. లైఫ్‌బాయ్ 1895లోనే బొంబాయిలో దిగింది. 1931లో టాటా వాళ్లు తెచ్చిన సబ్బు పేరే 'హమామ్'. మన వాళ్లు స్నానాల గదిని పిలిచే మాటే బిళ్లగా మారి మద్రాసు దాకా పోయింది. 1937లో కోల్గేట్ ఇండియాకు వచ్చింది. ఆ మరుసటి సంవత్సరం అమెరికాలో పంది వెంట్రుకల బదులు నైలాన్ పోగులతో టూత్‌బ్రష్షు అమ్మకానికి వచ్చింది. మన కౌమ్‌కి ఇదీ చిన్న ఖబర్ కాదు. మన ఇళ్లలో ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగుతో వచ్చిన మొదటి వస్తువు బ్రష్షే అని నా ఖయాల్. ఎర్రది అబ్బాది, పచ్చది భాయ్‌ది. తౌలియాకు ఆ రంగులు రావడానికి ఇంకో రెండు తరాలు పట్టింది.

1970ల నుంచి గల్ఫ్ మొదలైంది. జెద్దా, దుబాయ్ నుంచి వచ్చే సూట్‌కేసులో మెత్తటి తౌలియాలు, ఖుష్బూ సాబున్లు ఉండేవి. అవి అల్మారాలో బట్టల మధ్య దాచడానికే, వాడటానికి కాదు. అక్కడ మన మగవాళ్లు ఒకే గదిలో ఎనిమిది మంది, పదిమంది పడుకునేవారు. ప్రతి మనిషి సాబున్ వాడి మంచం కొక్కేనికి ప్లాస్టిక్ సంచీలో వేలాడేది. గైర్ల మధ్య వేరు వేరు. ఛుట్టీకి ఇంటికి రాగానే అదే మనిషి తమ్ముడి తౌలియాతో ముఖం తుడుచుకునేవాడు. దగ్గరితనానికి గుర్తు అదే.

ఇప్పుడు సైన్సు ఏమంటోంది? అన్నీ ఒకే రకం ఖతరా కాదు, ఇది అత్తాకోడళ్లిద్దరూ వినాలి. సాబున్ బిళ్లతో బీమారీ పాకడం చాలా అరుదు, నురగతో పాటు కొట్టుకుపోతుంది. రేజర్ వేరే సంగతి. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కూడా వారం రోజులు బతుకుతుంది, కంటికి కనిపించనంత రక్తం చాలు. ఎయిడ్స్ భయం వచ్చాక హజ్జామ్ దుకాణంలో 'కొత్త బ్లేడు వెయ్యి' అని అడగడం నేర్చుకున్నాం. ఇంట్లో మాత్రం బాప్-బేటాలు ఒకే రేజర్‌తో గీసుకుంటూనే ఉన్నాం. బ్రష్షుదీ అదే లెక్క, చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది కనుక.

తౌలియా కళ్లకు చెరుపు. ట్రకోమా అనే కంటి జబ్బు వేళ్లు, గుడ్డలు, ఈగల ద్వారానే పాకేది. ఇండియాలో అది ఇక ప్రజారోగ్య సమస్య కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 2024లోనే. 2023 వానాకాలంలో కండ్లకలక వచ్చినప్పుడు హఫీజ్‌పేట్‌లో బడి పిల్లలంతా నల్ల కళ్లద్దాలతో తిరిగింది గుర్తుందా?

అన్నిటికంటే ఇప్పుడు దాద్, అంటే తామర. పదేళ్లుగా ఇండియాలో మందులకు లొంగని రకం ఇంటింటికీ పాకుతోంది. ఆ ఫంగస్‌కు 2020లో పెట్టిన పేరులోనే 'ఇండో' ఉంది, ట్రైకోఫైటాన్ ఇండోటినే అని. ఒకరి లుంగీ, ఒకరి తౌలియా, ఒకరి షల్వార్ కలిపి తడిగా మూలన వేసే ఇంట్లో ఒక్కరికి నయమైతే ఇంకొకరికి తగులుకుంటుంది. దానికి తోడు మెడికల్ షాపువాడిచ్చిన స్టెరాయిడ్ కలిసిన ట్యూబు కూడా ఇంట్లో అందరూ పంచుకుంటారు. రెండు రోజులు దురద ఆగుతుంది, లోపల ఫంగస్ పెరుగుతుంది. తౌలియా కంటే ముందు ఆ ట్యూబును పంచుకోవడం మానాలి. ఇంట్లో ఎంతమందికి ఉంటే అంతమందీ ఒకేసారి చర్మ డాక్టరు దగ్గరికి పోవాలి.

ఇదంతా చెప్పడం తేలికే. 1874లో వాడీ నుంచి సికింద్రాబాద్‌కు రైలు నడిచిన లైను మీదే మా స్టేషను ఉంది. 1998లో సైబర్ టవర్స్, 2003లో ఎంఎంటీఎస్ వచ్చాక ఇక్కడ పడకగదికొక హమామ్ ఉన్న ఫ్లాట్లు లేచాయి. పట్టాలకు అవతల మూడు కుటుంబాలకు ఒక్క హమామ్ ఉన్న కిరాయి గదులూ ఉన్నాయి. అక్కడ ఆరుగురికి ఆరు తౌలియాలంటే కొనే పైసలొక్కటే కాదు, ఆరబెట్టే దండెం, ఉతికే నీళ్లు కూడా కావాలి. అలాంటి ఇంట్లో ఒక అమ్మీ చేసిన పని నాకు నచ్చింది. పాత సూతీ చీర చింపి ఆరు ముక్కలు చేసి, ఒక్కో అంచుకు ఒక్కో రంగు దారం కుట్టింది. అత్తగారి ముక్కకు ఆకుపచ్చ దారం, అన్నిటికంటే పెద్ద ముక్క కూడా ఆమెదే. ఆ ఇంట్లో గొడవ రాలేదు.

మా మొహల్లా మసీదు వుజూఖానాలో ఒకప్పుడు మేకుకు ఒక తౌలియా వేలాడేది. అస్ర్ వేళకే అది పిండితే నీళ్లు కారేంత తడిగా ఉండేది. పక్కనే బుట్టలో ప్లాస్టిక్ టోపీలు. 2020లో కరోనా వచ్చినప్పుడు రెండూ తీసేశారు, వుజూ ఇంట్లోనే చేసుకుని జానమాజ్ ఎవరిది వారు తెచ్చుకోమన్నారు. టోపీల బుట్ట మళ్లీ వచ్చింది. తౌలియా రాలేదు, మేకు మాత్రం ఇంకా ఉంది. ఎవరో దానికి గొడుగు తగిలిస్తున్నారు.