ఆఖరి కార్తీక సోమవారం

ముషీరాబాద్ జైలు గోడ బయట నిలబడ్డారు మీరు. 1975 డిసెంబర్ 1. ఇంకా తెల్లవారలేదు. అమావాస్య దగ్గరపడింది, గోడ పైఅంచు కూడా ఆనడం లేదు. కార్తీకంలో ఇది ఆఖరి సోమవారం. తలస్నానం చేసి తులసికోట దగ్గర దీపం పెట్టుకునే వేళ. గోడ లోపల ఆదిలాబాద్ జిల్లా నక్సలైటు ఖైదీలు భూమయ్య, కిష్టగౌడ్‌లకు ఇదే ఉరి వేళ.

మేలో ఇలాగే ఉరి దాకా వచ్చి ఆగింది. కె.జి. కన్నబిరాన్ వంటి లాయర్లు కాగితాలు పట్టుకుని పరుగెత్తారు, హైకోర్టు ఆపింది. ఈ రాత్రి తట్టడానికి తలుపు లేదు. జూన్ 25న ఎమర్జెన్సీ వచ్చింది. రెండు రోజులకే రాష్ట్రపతి ఉత్తర్వు. నా ప్రాణం, నా స్వేచ్ఛ కాపాడండని 21వ అధికరణ పట్టుకుని కోర్టుకెక్కే దారి మూసుకుపోయింది. క్షమాభిక్ష నిరాకరణపై వేసుకున్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు కూడా కొట్టేసింది. తీర్పు రాసిన జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్‌కు ఉరిశిక్ష అంటేనే గిట్టదు. అయినా క్షమించడం రాష్ట్రపతి పని, మాది కాదన్నారు. ఒకసారి కాదన్నా రాష్ట్రపతి మళ్లీ ఆలోచించవచ్చని మాత్రం ఒక సందు వదిలారు. ఆ సందులోంచి ఏ కబురూ రాలేదు.

చలిగా ఉంది. గోడకు ఆనుకోండి. ఇదే గడ్డమీద ఇంకో కథ ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉరిశిక్ష పడ్డ ఖైదీలు సుప్రీంకోర్టుకు వెళ్తే, హైదరాబాద్ హైకోర్టు తీర్పు రాజ్యాంగం రాకముందుది, అప్పీలు వినలేమన్నారు. హెబియస్ కార్పస్ వేస్తే, విచారణలో తప్పులుంటే అప్పీల్లో చెప్పుకోవాలి, ఇక్కడ కాదన్నారు. లండన్ నుంచి లాయర్ డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించినా, 1951 మార్చి 16న ఆ పిటిషన్లను కొట్టేశారు. కానీ వాళ్లు బతికారు. దేశదేశాల జనం అడిగారు, అడిగి అడిగి ఉరిని యావజ్జీవంగా మార్పించారు.

ఈసారీ అడిగినవాళ్లున్నారు. కానీ పత్రికలకు సెన్సార్, అడిగినవాళ్లకు జైలు. కోర్టు నా చేతిలో లేదన్నాక ఖైదీకి మిగిలేది జనం గొంతు ఒక్కటే. ముందు దాన్ని నొక్కేశారు. తర్వాత ఉరి బిగించారు.

తెల్లవారింది. ఇద్దరూ లేరు.

ఇప్పుడు ఆ గోడా లేదు. జైలు ఉన్న నేలమీద సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి లేచింది. మెట్రో దిగి లోపలికి నడవండి. చెట్టు కింద దుప్పటి పరుచుకుని, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని, ఒక్క ప్రాణం కోసం రాత్రంతా మేలుకున్నవాళ్లు కనిపిస్తారు. తెల్లకోటు కనిపిస్తే చాలు, లేచి చేతులు జోడిస్తారు. ఇక్కడ అడగనిస్తారు.